మావయ్య నన్ను బాగానే చూశాడు, మరి అక్క రాసింది?

ప్రశ్న: నా వయసు 44. విజయనగరంలో ఉంటున్నాం. నాన్న పోయేనాటికి నాకు నాలుగేళ్లు, అక్కకు ఎనిమిది. అమ్మ మమ్మల్నిద్దరినీ తీసుకుని శ్రీకాకుళం జిల్లాలోని పుట్టింటికి వచ్చేసింది. మావయ్యే తిండి పెట్టాడు, ఫీజులు కట్టాడు. నా పెళ్లిలో బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి తెచ్చింది ఆయనే. ఇప్పుడు విశాఖలో ఉంటున్న అక్క తన చిన్నతనం మీద పుస్తకం వేసింది. తొమ్మిదో ఏట నుంచి పదమూడో ఏట దాకా మావయ్య తనను ఏం చేశాడో, పదేళ్లప్పుడు అమ్మకు చెబితే అమ్మ తననే కొట్టి నోరు మూయించిన సంగతీ రాసింది. పేర్లు మార్చినా ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. శ్రీకాకుళంలో సభ పెడితే కొందరు అక్కకు దండాలు పెట్టారు. ఒక పెద్దాయన మాత్రం ‘పెంచిన చేతిని కరవడమేనా సాహిత్యం’ అన్నాడు. మా తోటికోడలి దగ్గర్నుంచి కూరగాయలామె దాకా ‘నిజవేనేటి?’ అని నన్నే అడుగుతున్నారు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ‘ఇప్పుడేటి దానికి? ఒగ్గేయమను’ అని ఒకటే ఏడుపు. మావయ్యకు డెబ్బై దాటాయి. నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ పుస్తకంలో నేను ‘జేబు నిండా జీడిపప్పు పోయించుకుని ఆడుకోవడానికి పోయే చెల్లి’ని. నన్నొక మాట అడగలేదు కూడా. చదివినవాళ్లు అక్కకు రాత్రిళ్లు ఫోన్లు చేసి ఏడుస్తారట. కొందరు మగవాళ్లు ఏమీ మాట్లాడకుండానే పెట్టేస్తారట. ఇంటర్ చదివే ఒకమ్మాయి ‘మా ఇంట్లో ఇప్పుడూ ఇదే’ అందట. మా ఊరి పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవానికి బంధువులంతా మా ఇంటికే వస్తారు. ఎవర్ని పిలవను? ఎవర్ని నమ్మను?

జవాబు: మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ ఇంటర్ అమ్మాయి సంగతి ముందు చూద్దాం. మిగతావన్నీ నాలుగు రోజులు ఆగినా కొంప మునగదు. ఇది ఆగదు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల మీద లైంగిక హింస జరుగుతోందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పుస్తకం రాసినావిడ కదా అని మీ అక్కకు మినహాయింపు లేదు. మీరూ విన్నారు కాబట్టి మీకూ లేదు. 1098కి ఫోన్ చెయ్యండి. పిల్లల కోసం పగలూ రాత్రీ పనిచేసే ఉచిత నంబరది. ఆ పిల్ల ఇప్పటికిప్పుడు ప్రమాదంలో ఉందనిపిస్తే 112. అక్క ఆ అమ్మాయితో మళ్లీ మాట్లాడేటప్పుడు ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాటివ్వకూడదు. ‘నీకు సాయం చెయ్యగలిగినవాళ్లకు చెబుతాను, నీ పేరు బయటికి రాదు’ అనాలి. ఇంకొక జాగ్రత్త. ‘నా పుస్తకం చదివి ఒక పాప ఫోన్ చేసింది’ అంటూ ఊరూ కాలేజీ తెలిసేలా సభల్లో చెప్పడం, ఫేస్‌బుక్‌లో పెట్టడం వద్దు. ఎంత మంచి ఉద్దేశంతో చెప్పినా బయటపడేది ఆ పిల్లే.

ఇక మావయ్య విషయం. ‘నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు’ అన్నారు. నేను నమ్ముతున్నాను. మీరు దాచేదేమీ లేదు, కల్పించేదీ లేదు. కానీ ఆ మాట మీ గురించి చెబుతుందే తప్ప అక్క గురించి ఏమీ చెప్పదు. పిల్లల్ని ఇలా పాడుచేసేవాళ్లు ఇంట్లో ఉన్న పిల్లలందరి జోలికీ వెళ్లాలని లేదు. చాలాసార్లు ఒకరినే ఎంచుకుంటారు. చెప్పుకోవడానికి దిక్కులేని పిల్లనో, చెప్పినా ఎవరూ నమ్మని పిల్లనో. మిగతావాళ్లతో మామూలుగా, ఒక్కోసారి మామూలు కంటే మంచిగా ఉంటారు. ‘దేవుడులాంటి మనిషి’ అని ఊరంతా అనుకుంటుంటే అదే వాళ్లకు కాపలా. మీ ఇంటి పరిస్థితి ఒకసారి తలుచుకోండి. తండ్రి లేడు. తల్లి తమ్ముడు పెట్టే తిండి మీద బతుకుతోంది. ఎనిమిదేళ్ల పిల్ల, నాలుగేళ్ల పిల్ల. అక్కకు పదేళ్లప్పుడు మీకు ఆరు. ఆ ఇల్లు మీకు ఎంత తెలుసు? పొద్దుగూకేసరికి నిద్రపోయే వయసు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నా మీరు చూసిన చిన్నతనం వేరు, ఆమె పడిన చిన్నతనం వేరు. మీకు ఫీజు కట్టిన మనిషే ఆమెను హింసించి ఉండొచ్చు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు.

‘మనవైపు ఇలాంటివి ఉండవమ్మా’ అనే పెద్దలు మీకు తగిలే ఉంటారు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక నివేదిక వేసింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని సగానికి పైగా పిల్లలు, 53 శాతం మంది, చెప్పారు. ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఉంది. చేసినవాళ్లలో దాదాపు సగం మంది పిల్లలు ఎరిగినవాళ్లే, నమ్మినవాళ్లే. అలా చెప్పిన పిల్లల్లో సగానికి కాస్త ఎక్కువే మగపిల్లలు. అక్కకు ఫోన్ చేసి మాట పెగలక పెట్టేసే ఆ మగవాళ్లు ఎవరో, ఎందుకు చేస్తున్నారో మీరే ఊహించుకోండి. వాళ్లను ఆకతాయిలని తిట్టొద్దని అక్కకు చెప్పండి.

అయితే రాత్రంతా ఆ ఫోన్లు ఎత్తడం అక్క పని కాదు. సభలో దండాలు పెట్టినవాళ్లు టీ తాగి ఇళ్లకు పోయారు. ‘ఎంత ధైర్యమమ్మా నీది’ అన్నవాళ్లూ పోయారు. వినడానికి బాగుండే ఆ మాటతో ఒక చిక్కుంది. ధైర్యవంతురాలన్న పేరు పడ్డాక ఆమెకు ఎవరి దగ్గరా ఏడ్చే వీలుండదు. ఇప్పుడు పదిమంది ఏడుపు ఆమె ఒక్కతే వింటోంది, తన గాయం మానకుండానే. ఆమె చెయ్యాల్సింది ఇంతే: సాయంత్రం ఒక గంట ఫోను ఎత్తడం, తర్వాత కట్టేయడం. ఫోన్ చేసినవాళ్లకు టెలి మానస్ నంబరు 14416 ఇవ్వడం. మానసిక వైద్య సాయం కోసం 2022లో కేంద్రం పెట్టిన ఉచిత లైను అది, తెలుగులో మాట్లాడతారు. అక్క కూడా తన కోసం ఒకసారి చేస్తే మంచిదే.

ఆ పెద్దాయన మాట గురించి ఒకటి చెప్పాలనుంది. శ్రీకాకుళమంటే కథలకు ప్రాణం పెట్టే ఊరు. కథారచయిత కాళీపట్నం రామారావు, మనం కారా మాస్టారనే ఆయన, 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చింది అక్కడే. కథలో పేరులేని పిల్ల కష్టపడితే కళ్లు తుడుచుకుంటూ చదువుతాం. అదే పిల్ల ‘ఇది నేనే’ అని లేచి నిలబడితే, ఆ మావయ్య ఎవరో మనకు తెలిసిపోతే, అప్పుడు సాహిత్యం అంటే ఏమిటనే చర్చ మొదలెడతాం. ఆయన బాధ సాహిత్యం గురించి అనుకోను. పెంచిన చెయ్యి అనే మాట ఎత్తారు కదా, ఆ చెయ్యి ఏం చేసిందన్నదే పుస్తకంలో ఉన్నది.

ఇక ‘ఇన్నాళ్లకు ఎందుకు?’ అనేవాళ్లకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించారో లేదో. అక్క ఆలస్యం చెయ్యలేదు. పదేళ్ల పిల్లగా అప్పుడే వెళ్లి అమ్మకు చెప్పింది. చెప్పినందుకు దెబ్బలు తింది. విన్నవాళ్లు ఆలస్యం చేశారు.

అమ్మ దగ్గరికి వద్దాం. ఆమెను వెనకేసుకు రాను. అలాగని బోనులో నిలబెట్టమనీ అనను. తమ్ముడు వద్దంటే ఇద్దరు పిల్లలతో రోడ్డున పడాల్సిన మనిషి. పిల్ల చెప్పింది నిజమని ఒప్పుకుంటే ఆ ఇంట్లో ఇంకొక పూట ఉండలేదు, ఉండకుండా బతకలేదు. ఆ లెక్క ఆమె వేసుకునే ఉంటుంది. దాని ఖరీదు పెద్దకూతురు కట్టింది. ఈ వయసులో ఆ పుస్తకం పేజీలు ఆమెకు చదివి వినిపించకండి. ‘ఒగ్గేయమను’ అన్న కబురును మాత్రం మీరు అక్కకు మొయ్యకండి. అమ్మకు అనాలని ఉంటే అమ్మే అంటుంది. ఎప్పుడైనా, ఏ రాత్రైనా, ఆమె నోట ‘నాకు తెలుసు, నిన్ను కాపాడుకోలేకపోయాను’ లాంటి మాట వచ్చేలా కనిపిస్తే ఫోను కలిపి చేతికిచ్చి మీరు బయటికి వెళ్లండి. ఆ మాట రాకపోవచ్చు. వచ్చినా అక్క క్షమించకపోవచ్చు. ఆ రెండూ మీ చేతిలో లేవు.

మీ కోపం గురించి. అక్క మిమ్మల్ని అడగకుండా పుస్తకంలో పెట్టడం తప్పే. పేర్లు మార్చినా ఊరు గుర్తుపట్టేలా రాస్తే మీ పిల్లలదాకా మాటలొస్తాయి. మళ్లీ అచ్చు వేసేటప్పుడు కొన్ని వివరాలు మార్చమని అడిగే హక్కు మీకుంది. అడగండి. కాకపోతే ముందు ఆ జీడిపప్పు పేజీ ఇంకొకసారి చదవండి. జేబులో పోసి మిమ్మల్ని బయట ఆడుకోవడానికి పంపింది ఎవరు, ఆ సమయంలో ఇంట్లో ఎవరు మిగిలారు? అక్క మిమ్మల్ని ఎద్దేవా చేస్తూ రాసిందని నాకు అనిపించడం లేదు. ఐదారేళ్ల పిల్ల పప్పులు తింటూ ఆడుకోవడంలో నేరమేమీ లేదు, ఆ సంగతి అక్కకు మీకంటే బాగా తెలిసి ఉంటుంది. ఆ పేజీ చదివాక ‘నాక్కూడా ఏదైనా జరిగి మర్చిపోయానా’ అని తవ్వుకోవడం మొదలెట్టకండి. జ్ఞాపకం లేకపోవడం జరిగిందనడానికీ రుజువు కాదు, జరగలేదనడానికీ కాదు. నిద్ర పట్టక, దడ వచ్చి, పని సాగకపోతే క్లినికల్ సైకాలజిస్టును కలవండి.

దారిలో అడిగేవాళ్లకు పొడుగాటి జవాబులొద్దు. అక్క మాట నమ్మే స్థితికి మీరు వస్తే ‘అక్క చెప్పింది నేను నమ్ముతున్నాను’ అనండి. ఇంకా రాకపోతే ‘ఆ విషయం నాతో మాట్లాడకండి’ చాలు. ‘ఏమోనండీ, మావయ్య నన్ను మాత్రం బంగారంలా చూశాడు’ అని మాత్రం ఎక్కడా అనకండి. అది మీకు జ్ఞాపకం. వినేవాళ్లకు సాక్ష్యం. సాయంత్రానికి ‘సొంత చెల్లెలే కాదంది’ అయిపోతుంది.

కేసు పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా అక్క నిర్ణయం. పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన వాటికి అప్పటి శిక్షాస్మృతే వర్తిస్తుంది. తీవ్రమైన నేరాలకు గడువు తీరిపోవడమంటూ లేదు, కానీ ఇన్నేళ్ల తర్వాత నిరూపించడం కష్టం. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబరు 15100. కేసు పెట్టకపోతే ఆమె చెప్పింది అబద్ధమైపోదు.

అందరికంటే నాకు బెంగ ఆ ఇంట్లో ఇప్పుడున్న పిల్లల గురించి. మావయ్యకు డెబ్బై దాటాయన్నారు. మనవలూ మనవరాళ్లూ ఉండే ఉంటారు, సెలవులకు వచ్చే చుట్టాల పిల్లలూ ఉంటారు. వయసు మీద పడిందని ఊరుకోవద్దు. ఆయన కోడళ్లతో నేరుగా మాట్లాడండి: ‘పుస్తకం నమ్మినా మానినా సరే, పిల్లల్ని ఆయన దగ్గర ఒంటరిగా వదలకండి.’ వాళ్లు తిడతారు. తిట్టించుకోండి.

సిరిమానోత్సవానికి ఇద్దర్నీ పిలిచి ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, అందరూ సర్దుకుపోతారులే అనుకోకండి. అది మీకు సర్దుబాటు, అక్కకు మళ్లీ ఆ ఇల్లే. ఈసారి మావయ్యను పిలవొద్దు. పండగ ముందురోజు తొలేళ్ల నాటికి తెలిస్తే గొడవవుతుంది కాబట్టి ముందే ఆయన కొడుకుతో ‘ఈ ఏడు నాన్నగారిని తీసుకురావద్దు’ అని చెప్పేయండి. కారణం అడిగితే ‘నీకు తెలుసు’ అనండి. అమ్మకు తమ్ముణ్ని చూడాలనుంటే వేరే రోజు వెళ్లొస్తుంది, ఆపకండి. అక్కకు ఫోన్ చేసి పుస్తకం మాట ఎత్తకుండా ‘పండక్కి రా, మావయ్య రావడం లేదు’ అని చెప్పండి. రానంటే బతిమాలొద్దు. పండగ అయ్యాక మీరే బస్సెక్కి విశాఖ వెళ్లండి. అమ్మను వెంట తీసుకెళ్లాలా వద్దా అన్నది మాత్రం ముందు అక్కనే అడగండి.