బుజ్జికి, బరంపురం నుంచి అత్త

చిరంజీవి బుజ్జికి అత్త ఆశీస్సులు.

మొన్న నువ్వు ఉద్యోగానికి వెళ్తున్నప్పుడు స్టేషన్లో నీతో చెప్దామనుకున్న మాటలు చాలా ఉండిపోయాయి. బండి రావడం, సామాన్లు ఎక్కించడం, మీ అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం, అంతలోనే బండి కదిలిపోవడం. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్ గురించి ఫోన్లో చెప్తే నువ్వు ఊఁ కొడుతూ ఇంకేదో చూసుకుంటావు. కాగితమైతే కూర్చుని చదువుతావు. నీకు ఓనమాలు దిద్దించింది నేనే కనుక నా రాత నీకు కొరుకుడు పడకపోదు.

ఫోన్ పిల్లల్ని పాడుచేస్తోందని పొద్దస్తమానం గోలపెట్టే పెద్దవాళ్ళలో నన్ను కలపకు. నాకు అన్నం పెట్టింది ఆ టెలిఫోన్ తీగలే. 1984లో ఇరవై రెండేళ్ళప్పుడు ఆపరేటరుగా చేరాను. నువ్వా బోర్డు చూడలేదు. గోడంత బోర్డు, దాని నిండా కన్నాలు, కన్నానికో చిన్న దీపం. ఊళ్ళో ఎవరైనా రిసీవరు ఎత్తితే ఇక్కడ దీపం వెలుగుతుంది. ప్లగ్గు పెట్టి 'నంబర్ ప్లీజ్' అనాలి. వాళ్ళు అడిగిన నంబరు కన్నంలో జోడీ ప్లగ్గు పెట్టి గంట కొట్టాలి. మాట్లాడుకుని రిసీవరు పెట్టేశాక ఇంకో దీపం వెలుగుతుంది, మాట అయిపోయిందని గుర్తు. అప్పుడు రెండు ప్లగ్గులూ లాగేయాలి. కొత్తగా చేరినవాళ్ళకి ప్లగ్గు పెట్టడం ఒక్క పూటలో వచ్చేసేది. తీయడమే అలవాటయ్యేది కాదు. పక్క దీపం వెలగ్గానే అటు పరిగెత్తి దీన్ని వదిలేసేవాళ్ళం. ఆ లైను అలా బిజీగా ఉండిపోయేది. దానికోసం ఇంకెవరో ఎదురుచూస్తూ ఉండేవారు. మా సూపర్‌వైజరు కేకలేసేది దీనికే.

నీ ఫోన్ చూసినప్పుడల్లా నాకు ఆ రెండో దీపం గుర్తొస్తుంది. రీల్స్ చూస్తావు కదా, ఒకటయ్యేసరికి ఇంకోటి వచ్చి పడుతుంది. అయిపోయిందని చెప్పే దీపం దానికి పెట్టలేదు. కావాలనే పెట్టలేదు, నువ్వు ఎంతసేపుంటే వాళ్ళకి అంత లాభం. పోయిన వేసవిలో మా ఇంట్లో పడుకున్నప్పుడు రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచాను. నీ మొహం మీద నీలం వెలుగు. నీ బొటనవేలు పైకి తోస్తోంది, తోస్తోంది, నీ కళ్ళేమో సగం మూసుకుపోయి ఉన్నాయి. నేను తలుపు దగ్గర నిలబడ్డా నీకు తెలీలేదు. ఆ రోజు నిన్నేమీ అనలేదు. ఇప్పుడు హాస్టల్లో ఆ తలుపు దగ్గర నిలబడే మనిషి కూడా ఉండదు కనుక చెప్తున్నాను. ఛార్జరు మంచం పక్కన పెట్టుకోకు. గదికి అటు చివర ఉన్న ప్లగ్గులో పెట్టు. పొద్దున లేవడానికి ఒక అలారం గడియారం కొనుక్కో. అలారం కోసమే కదా అని ఫోన్ తలగడ కిందికి చేరుతుంది, అక్కణ్ణుంచే మొదలవుతుంది అంతా. ఆఫీసు గ్రూపులు రాత్రిళ్ళు సైలెంట్‌లో పెట్టు. నిజంగా అవసరమైనవాడు కాల్ చేస్తాడు, గ్రూపులో దండం బొమ్మ పెట్టి ఊరుకోడు.

ఇక మీ అమ్మ సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

మీ నాన్న పోయాక ఆవిడకి లోకమంతా నువ్వే. నువ్వు రోజుకి ఆరుసార్లు ఫోన్ చేస్తావు, నిజమే. బస్సు ఎక్కుతూ ఒకసారి, లిఫ్టులో ఒకసారి, తింటూ ఒకసారి. ఆవిడ నాతో అన్న మాట రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. 'అది చేస్తుంది గాని నాతో మాట్లాడదు వదినా' అంది.

నీకొక సంగతి చెప్తాను. అప్పట్లో ఒడిశాలోని మన గంజాం జిల్లా మగవాళ్ళు మరమగ్గాల పనికని సూరత్ పోయేవారు, ఇప్పటికీ పోతున్నారు. దూరపు ఊళ్ళకి ఆపరేటరు కలిపే ట్రంక్ కాల్ అంటే మూడు నిమిషాలు లెక్క. అర్జెంటు కాల్‌కి రేటు రెట్టింపు, అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగ్ కాల్ అయితే డబ్బున్న షావుకార్లకే. ఒకావిడ పల్లె నుంచి కొడుకుని చంకనేసుకుని వచ్చి సూరత్‌కి కాల్ బుక్ చేసుకుని, పొద్దుణ్ణుంచి మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చుంది. లైను కలిసింది. తను మాట్లాడకుండా ముందు పిల్లాడి చెవికి రిసీవరు పెట్టింది. అవతల తండ్రి 'అన్నం తిన్నావా నాన్నా' అని ఒడియాలో అడుగుతున్నాడు, వీడు గట్టిగా తల ఊపుతున్నాడు. గొంతులోంచి మాట రాదు. తండ్రి మళ్ళీ అడుగుతాడు, వీడు మళ్ళీ ఊపుతాడు. చివరికి తల్లి రిసీవరు లాక్కుని 'తల ఊపుతున్నాడు, తిన్నానని తల ఊపుతున్నాడు' అంది. అవతల ఆ మనిషి నవ్వు విన్నాను. మూడు నిమిషాలయ్యాయని చెప్పాలి నేను. ఇంకో అర నిమిషం చెప్పలేదు.

ఆ మూడు నిమిషాల్లో వాళ్ళు ముగ్గురూ ఇంకెక్కడా లేరు తల్లీ. అందుకే అంటున్నాను, ఆ ఆరు కాల్సూ మానెయ్యి. రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారి చెయ్యి. పది నిమిషాలు చాలు. నడుస్తూ కాదు, తింటూ కాదు, లాప్‌టాప్ ముందు అసలే కాదు. ఏం కూర వండుకుందో అడుగు. మోకాలు ఎలా ఉందో అడుగు. నీ ఆఫీసులో జరిగింది ఒక్కటి, చిన్నదైనా సరే, పేర్లతో సహా చెప్పు. మర్నాడు ఆవిడ ఆ పేర్లు నాకు చెప్పుకుని మురిసిపోతుంది.

మెసేజీలు తెలుగులో పెట్టు. మీ అమ్మ ఇచ్ఛాపురంలో తెలుగు బడిలో చదువుకుంది, తెలుగు గడగడా చదువుతుంది. నువ్వు మన మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపిస్తావు. అవి పట్టుకుని ఆవిడ మా ఇంటికొస్తుంది. నువ్వు 'పడుకున్నా' అని రాస్తే, ఆ అక్షరాల్లో 'పాడుకున్నా' అని చదివి, ఇంత రాత్రి పాటలేమిటని కంగారుపడింది. పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు, మనం మాట్లాడుకునే తెలుగులోనే రాసుకోవాలని ఏళ్ళకేళ్ళు పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. మన వీధి పిల్లలకి ఇంట్లో తెలుగు మాటలొచ్చు, బడిలో ఒడియా అక్షరాలొచ్చు, తెలుగు అక్షరం మాత్రం రాదు. నీకు వచ్చు. వచ్చిన అక్షరం వాడకపోతే నాకు బాధగా ఉంటుంది. ఫోన్ సెట్టింగుల్లో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం ఎంతసేపు? టైపు చేయడం విసుగనిపిస్తే ఆ మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడు, అదే రాసిపెడుతుంది. ఇంత మంచి సదుపాయం మా రోజుల్లో ఉంటే నెత్తిన పెట్టుకునేవాళ్ళం.

ఇక మోసగాళ్ళ గురించి. ఇది నాకు జరిగింది, ఇంతవరకూ నీకు చెప్పలేదు. 2023లో ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. మీ సిమ్ రెండు గంటల్లో ఆగిపోతుంది, ఆగకుండా ఉండాలంటే స్టార్ 401 స్టార్ కొట్టి, నేను చెప్పే పది అంకెలు కొట్టి, హాష్ నొక్కండి అన్నాడు. చాలా మర్యాదగా, అమ్మా అమ్మా అంటూ. నేను స్టార్ 401 కొట్టేశాను కూడా. పది అంకెలు చెప్తుంటే చెయ్యి ఆగింది. ముప్పై ఆరేళ్ళు ఆ పనిలో ఉన్నదాన్ని, నా ఫోన్లో ఇంకొకరి నంబరు కొట్టడమంటే నా లైను అతని ఇంటికి మళ్ళించడమే కదా! అలా మళ్ళిస్తే నాకు రావాల్సిన కాల్స్ అన్నీ అతనికి పోతాయి. ఓటీపీని కాల్ చేసి గొంతుతో చెప్పే పద్ధతి ఒకటుంది, అదీ అతని చెవిలో పడుతుంది. దాంతో నా వాట్సాప్ అతని చేతికి పోతుంది, నా పేరుతో మీ అందర్నీ డబ్బులడుగుతాడు. పెట్టేశాను. సాయంత్రం దాకా చేతులు వణికాయి. లైన్లు కలిపిన మనిషిని నేనే సగం దాకా వెళ్ళాను, మీ అమ్మ మాటేమిటి?

అలా నంబరు కొట్టి కాల్స్ మళ్ళించే పద్ధతిని ప్రభుత్వం 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయమని కంపెనీలకి చెప్పింది. అయినా వాళ్ళు ఇంకో దారి వెతుక్కుంటారు. నీ కాల్స్ ఎక్కడికైనా మళ్ళుతున్నాయని అనుమానమొస్తే *#21# కొట్టి చూడు. మొత్తం తీసేయాలంటే ##002#. వాట్సాప్‌కి రెండో తాళం ఉంటుంది, ఆరంకెల పిన్. మీ అమ్మ ఫోన్లో నేను పెట్టాను, నీ ఫోన్లో నువ్వు పెట్టుకో.

మీ అమ్మకి నేను చెప్పినవి ఇవి, నువ్వూ మళ్ళీ మళ్ళీ చెప్తూ ఉండు. ఫోన్లో డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగారంటే డబ్బు పోతోందని. పోలీసు బట్టలేసుకుని వీడియో కాల్లో 'డిజిటల్ అరెస్ట్' అన్నవాడు దొంగ. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు, 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో కూడా ఈ మాటే చెప్పారు. ఫోన్ పెట్టకు, ఎవరికీ చెప్పకు అన్నవాడి ఫోన్ ఆ క్షణమే పెట్టేయాలి. ఇన్నేళ్ళలో చావు కబుర్లు ఎన్నో కలిపాను బుజ్జీ. చావు కబురు చెప్పేవాళ్ళు కూడా 'పక్కన ఎవరైనా ఉన్నారా, వాళ్ళకివ్వండి' అనేవారు. పక్కవాళ్ళకి చెప్పొద్దు అని ఒక్కరూ అనలేదు. ఒకవేళ డబ్బు పోనే పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపడానికి అంత వీలు. మీ అమ్మ పోగొట్టుకుంటే మాత్రం కసరకు. కసురుతావన్న భయంతోనే దాస్తారు, దాచినందుకే మొత్తం పోతుంది.

నీకు కూడా ఒక మాట. నెలాఖరున చేతిలో డబ్బాడక అప్పిచ్చే యాప్‌ల వైపు చూడకు. కాంటాక్టులూ ఫోటోలూ చూడనివ్వమని అడిగే యాప్ ఏదైనా సరే తీసిపారెయ్యి. అలా తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. వెయ్యి కావాలన్నా రెండు వేలు కావాలన్నా నన్నడుగు. నిమిషాల మీద గుమ్మంలోకి సరుకులు తెచ్చేవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఎండనక వాననక తిరిగే పిల్లలు వాళ్ళు, తలుపు తీసినప్పుడు మంచినీళ్ళివ్వు. కానీ ఆదివారం పూట సంచి పట్టుకుని కూరల బజారుకి నడిచి వెళ్ళు. నీ వీధిలో నలుగురికి నీ మొహం తెలియాలి. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు పక్కగది పిల్ల తలుపు కొట్టాలంటే ముందు ఆ పిల్ల పేరు నీకు తెలియాలి కదా. చెవుల్లో ఆ బొడిపెలు పెట్టుకుని రోడ్డు దాటకు, ఇది మాత్రం నా మీద ఒట్టు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, నిద్రపోయావు. తెల్లారేసరికి స్తంభాలు పడిపోయి, కరెంటు లేక, ఫోన్లన్నీ చచ్చి ఊరుకున్నాయి. మీ నాన్న పని మీద విశాఖలో ఉన్నాడు. రెండో రోజు ఎవరిదో ఒక ఫోన్ పనిచేస్తోందని తెలిసి మీ అమ్మా నేనూ పరిగెత్తాం. ఫోన్ చేతికిచ్చారు. మీ అమ్మకి మీ నాన్న నంబరు గుర్తులేదు. ఎప్పుడూ పేరు నొక్కడమే కదా. నా పాత డైరీలో ఉంది కనుక సరిపోయింది, లేకపోతే తమ్ముడు అక్కడ ఏమైపోయేవాడో. ఐదు నంబర్లు కాగితం మీద రాసి నీ బ్యాగు లోపలి జేబులో పెట్టుకో. మీ అమ్మది మాత్రం నోటికి రావాలి. ఇప్పుడే ఈ కాగితం పక్కన పెట్టి చూడకుండా చెప్పు. తప్పితే మళ్ళీ నేర్చుకో.

ఆవకాయ జాడీ, అప్పడాల కట్ట, మీ అమ్మ కట్టిన చీర ఒకటి నీ పెట్టెలో అడుగున ఉన్నాయి, చూసుకున్నావో లేదో. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి సెలవు ముందే రాసిపెట్టుకో.

తొమ్మిదింటికి అని చెప్పాను కదా. మీ అమ్మ ఎనిమిదిన్నరకే అన్నం తినేసి, అరుగు మీద చాపేసుకుని ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందని నాకు తెలుసు. ఆ వేళకి నేను అక్కడ ఉండను, మా ఇంటికి వెళ్ళిపోతాను. ఊళ్ళోవాళ్ళ మాటలు చాలా ఏళ్ళు నా చెవిలో పడ్డాయి. మీ ఇద్దరి మాటలు మీ ఇద్దరికే ఉండనీ.

ఆశీస్సులతో,
మీ అత్త