తుపాను కోసిన రోడ్డు అంచున మొక్కలు నాటబోయే వారికి

చిరంజీవికి ఆశీస్సులు.

తుపానుకు కోసుకుపోయిన సముద్రపు రోడ్డు పక్కన మళ్లీ పచ్చదనం తెచ్చే పని నీకు అప్పగించారని, వారంలోగా సరుగుడు నారు తెప్పిస్తున్నావని రాశావు. ఆ నారును కొన్నాళ్లు ఆపించు. ఇలాంటి చోట ముందు చక్కబెట్టవలసింది నీటిని. మొక్క సంగతి ఆ తరువాత.

కోతను చూడగానే అందరూ సముద్రాన్నే తప్పుపడతారు గానీ, చాలాచోట్ల గట్టును పైనుంచి తినేది రోడ్డు మీద పడి ఒక పక్కకు జారే వాననీరే. వాన కురుస్తున్నప్పుడు గొడుగు వేసుకుని తారు అంచున కాసేపు కూర్చో. వేలెడు వెడల్పున్న ధార బెర్మును, అంటే తారుకూ గట్టు అంచుకూ మధ్యనున్న మట్టి పట్టీని, ఎక్కడ దాటుతోందో, అది దిగిన చోట గడ్డి వేళ్లు పట్టుకోవడానికి మట్టి లేక గాలిలో ఎలా వేలాడుతున్నాయో నీకే కనిపిస్తుంది. అటువంటి ధారలన్నింటినీ అంచు వెంబడి ఒకచోటికి మళ్లించి, రాళ్లు పరిచిన కాలువలో గట్టు అడుగుదాకా దించాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ పని వదిలేసి నేరుగా నాటించాను. మొదటి పెద్ద వానకే నారుతో సహా గట్టు జారిపోయింది. మొక్కల కోసం నేను తవ్వించిన గుంతలే నీరు లోపలికి దిగడానికి దారులయ్యాయి. ఆ తప్పు పూర్తిగా నాదే.

నిలువుగా తెగిన గట్టు మీద ఏదీ వేరూనదు కనుక, మీటరు ఎత్తుకు కనీసం రెండు మీటర్ల అడ్డం వచ్చేలా వాలు తీయించు. అలలు నేరుగా తాకే అడుగు భాగాన్ని మాత్రం మొక్కలకు వదిలిపెట్టకు. వేళ్లు గాలినీ వాననూ ఓర్చుకుంటాయి గానీ విరుచుకుపడే అలను ఆపలేవు, అక్కడ బండరాయే కావాలి. పూడ్చడానికి తెచ్చే మట్టి ఎక్కడిదో స్వయంగా చూసుకో. దానితో పాటు సర్కారు తుమ్మ గింజలు వచ్చాయంటే ఏళ్ల తరబడి వాటిని పీకడంతోనే సరిపోతుంది.

ఇక ఉప్పు సంగతి. ఇసుక నేలలో అది రెండు మూడు మంచి వానలకు చాలావరకు కడుక్కుపోతుంది. బంకమట్టిలో మాత్రం తెల్లటి పొరగా పైకి తేలి మొలకను చంపుతుంది. ముప్పై సెంటీమీటర్ల లోతు మట్టి గుండా అంతే మందం మంచినీరు దిగితే, అందులోని ఉప్పులో సుమారు 80 శాతం పోతుందన్నది మేము పాటించిన లెక్క. బంకమట్టికి జిప్సం మేలు చేస్తుంది, ఎందుకంటే అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియంను విడిపిస్తుంది. అయితే విడిపడిన ఉప్పును కిందికి తీసుకుపోయే నీరు లేనప్పుడు జిప్సం చల్లడం దండగ.

నాటడం ఇసుక వైపు నుంచి మొదలుపెట్టు. మేకడెక్క ఆకారపు ఆకులతో ఊదారంగు పూలు పూసే బాలబంద తీగను, ముళ్లబంతుల్లాంటి కాయలు గాలికి దొర్లే రావణాసురుని మీసాల గడ్డిని ఆ చుట్టుపక్కల బతికి ఉన్నవాటి నుంచే తెచ్చుకోవచ్చు. తీగను మూరెడు ముక్కలుగా కోసి, రెండు మూడు కణుపులు తడి ఇసుకలోకి దిగేలా పూడ్చితే ప్రతి కణుపు దగ్గరా వేరు వస్తుంది. ఇసుక వచ్చి మీద పడుతున్నకొద్దీ ఇవి పైకి లేస్తాయి, తోట మొక్కలు ఆ పని చేయలేవు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును అందం కోసం ఎత్తించకు, అది ఇసుకను నిలుపుతుంది.

మట్టి వాలు మీద వట్టివేరు పిలకలను వాలుకు అడ్డంగా, జానెడు కంటే తక్కువ ఎడంతో వరుసలు కట్టించు. ఎడం పెరిగితే ఆ సందుల్లోంచే నీరు కోస్తుంది. అవి వేళ్లూనుకునేదాకా వరుసల మధ్య నేలకు కొబ్బరి పీచు వల పరిచి మేకులు కొట్టించు. వల నేలను అంటి ఉండాలి, కింద ఖాళీ ఉంటే నీరు దాని చాటునే పారుతుంది.

సరుగుడు అన్నింటికంటే చివరిది. నీటిమట్టం పైకి ఉన్న చోట దాని వేళ్లు లోతుకు పోవు కాబట్టి, రోడ్డుకు ఆనుకుని పెంచితే వచ్చే తుపానుకు అది రోడ్డు మీదే పడుతుంది. దాని పుల్లాకు మందంగా పేరుకున్న చోట కింద తీగ కూడా సరిగా ఎదగదు. కాబట్టి చెట్టు పొడవు కంటే ఎక్కువ దూరంలో, తీగా గడ్డీ నేలను కప్పాకే నాటించు.

ముందు ఒక వాన చూసి, ధారలు ఎన్నిచోట్ల బెర్మును దాటుతున్నాయో లెక్కపెట్టి నాకు రాయి. నారు ఎంత కావాలో అప్పుడు చెబుతాను.