ఇరవై ఏళ్ళు డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గానే ఉండి హెడ్ కోచ్ కాకపోతే, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ కెరీర్ విఫలమైనట్టేనా?

విఫలమైనట్టు కాదు. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటే ప్రత్యర్థిని పాయింట్లు చేయకుండా ఆపే డిఫెన్స్ విభాగాన్ని హెడ్ కోచ్ కింద నడిపే సహాయ కోచ్. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ కోచ్‌గానే జీవితం గడిపిన వారిని "పైకి రాలేకపోయారు" అని మీరు ప్రశ్నలోనే తేల్చేశారు కనుక, నేను దగ్గరగా చూసిన ఒక ఉదాహరణతో సమాధానం చెబుతాను.

2013లో ఎం.ఎస్. చదవడానికి నేను అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీకి వెళ్ళాను. అది ఉన్న బ్లాక్స్‌బర్గ్ కొండల మధ్య చిన్న ఊరు. అక్కడ డిఫెన్స్ అంటే బడ్ ఫాస్టర్. హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్ వెంట 1987లో మర్రే స్టేట్ నుంచి వచ్చి, 1995లో మరొక కోచ్‌తో కలిసి డిఫెన్స్ బాధ్యత తీసుకుని, మరుసటి ఏడాది నుంచి ఒక్కరే ఆ భారం మోసి, 2019 సీజన్ ముగిసేదాకా అక్కడే ఉన్నారు. మొత్తం 33 సీజన్లు. దేశంలో ఉత్తమ సహాయ కోచ్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు 2006లో ఆయనకు వచ్చింది. ఆ ఏడాది దేశం మొత్తంలో ప్రత్యర్థులకు అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు కూడా వర్జీనియా టెక్కే.

ఆ జట్టు డిఫెన్స్‌కు గుర్తు ఒక క్యారేజీ డబ్బా. బొగ్గు గని కార్మికుడు ఒకరు అన్నం తీసుకెళ్ళిన, సొట్టలు పడిన పాత ఇనుప డబ్బా అది. 1995 నుంచి జట్టు ఎక్కడికి వెళితే అక్కడికి దాన్ని మోసుకెళ్ళారు. 2007 ఏప్రిల్ 16న క్యాంపస్‌లో కాల్పులకు బలైన 32 మంది పేర్లను ఆ సీజన్‌లో అందులోనే ఉంచుకుని ఆడారు. ఆ డబ్బా బొమ్మను మొదటిసారి చూసిన రోజు నేను చాలాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను. మాది గోదావరిఖని. మా నాన్నగారు సింగరేణిలో బాయి దిగేవారు, మైనింగ్ సర్దార్‌గానే రిటైరయ్యారు. షిఫ్టు మొదలయ్యే ముందు కర్రతో పైకప్పు తట్టి, ఆ చప్పుడును బట్టి రాయి గట్టిగా ఉందో, వదులైందో తేల్చి, ఆ తర్వాతే మనుషులను లోపలికి పంపేవారు. ఆయన షిఫ్టులో ఏ ప్రమాదమూ జరగలేదు. అలా ఏమీ జరగకుండా చూడడమే ఆయన చేసిన పని కనుక దాని గురించి ఎవరికీ తెలియదు, పెళ్ళిళ్ళలో కలిసిన బంధువులు మాత్రం "ఇంకా సర్దారేనా?" అని అడిగేవారు. డిఫెన్స్ కోచ్ పని నాకు ఆటగా కన్నా ముందు అలా అర్థమైంది.

2014 సెప్టెంబర్ 6న మా జట్టు ఒహాయో స్టేట్ మీద కొలంబస్‌లో ఆడింది. లక్ష మందికి పైగా ప్రేక్షకులు. మేము ఆరుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో టీవీ ముందు కూర్చున్నాం. ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపి పాసులు విసిరే ఆటగాడు) జె.టి. బారెట్‌కు అది రెండో ఆట మాత్రమే. ఫాస్టర్ "బేర్" అనే పాత అమరికను తీసి, ప్రత్యర్థి ముందు వరుస నడుమ నిలిచే సెంటర్‌కూ ఇద్దరు గార్డులకూ ఎదురుగా తన లైన్‌మెన్‌ను నిలిపి, వెనక ఉండవలసిన సేఫ్టీలను కూడా ముందుకు దించి, పాసులు అందుకునే ప్రత్యర్థి రిసీవర్లను ఆపే పనిని అంచుల్లో ఉండే కార్నర్‌బ్యాక్‌లకు ఒంటరిగా అప్పగించారు. ఒక్క కార్నర్‌బ్యాక్ తడబడినా వెనక దిక్కులేదు. అంత ధైర్యం చేసినందుకు ఫలితం దక్కింది: బారెట్ ఏడుసార్లు బంతితో సహా నేలకూలాడు, మూడు పాసులు మావాళ్ళ చేతికి చిక్కాయి, 35–21తో గెలిచాం. ఆ సీజన్‌లో ఒహాయో స్టేట్ మరెవరి చేతిలోనూ ఓడలేదు, చివరికి జాతీయ ఛాంపియన్ కూడా అయింది.

నా సమాధానానికి అసలు ఆధారం మాత్రం ఆ గెలుపు కన్నా అదే ఏడాది నవంబర్ 22న వచ్చిన ఓటమి. ఆ రోజు మిత్రుల కారులో రెండు గంటలు ప్రయాణించి వేక్ ఫారెస్ట్‌తో ఆట చూడడానికి విన్‌స్టన్-సేలం వెళ్ళాను. అరవై నిమిషాల ఆట ముగిసేసరికి స్కోరు 0–0. ఫాస్టర్ మనుషులు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఎన్నిసార్లు ఆపినా మా అఫెన్స్ (బంతితో దాడి చేసే విభాగం) నాలుగడుగులు వేసి బంతిని తిరిగి తన్నేసేది, చెమట ఆరకముందే అదే డిఫెన్స్ మళ్ళీ మైదానంలోకి దిగేది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ప్రతిసారీ లేచి నిలబడి చప్పట్లు కొట్టి, మాట లేకుండా కూర్చునేవారు. స్కోరు సమమైతే ఆడే ఓవర్‌టైమ్‌లో ప్రత్యర్థికి బంతిని నేరుగా మన గోల్ గీతకు 25 గజాల దూరంలోనే ఇస్తారు, అంటే డిఫెన్స్ అంతసేపు కాపాడుకున్న మైదానమంతా ఒక్క నిబంధనతో చేతిలోంచి పోయినట్టే. రెండో ఓవర్‌టైమ్‌లో ఒక ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని సాధించే మూడు పాయింట్లు) 6–3 తేడాతో ఓడిపోయాం. మర్నాటి నుంచి దేశమంతా తిరిగింది 0–0 దగ్గర బీమర్ రెండు చేతులూ పైకెత్తిన ఫోటో. అందరూ నవ్వుకున్నారు. అరవై నిమిషాలు సున్నా నిలిపినవారి గురించి రాసినవారు నాకు కనిపించలేదు. టీవీ కెమెరా కూడా ఇంతే. బంతి వెంటే పరుగెత్తుతుంది, వెనక సేఫ్టీ వేసిన రెండడుగుల వల్ల క్వార్టర్‌బ్యాక్ పాస్ వేయడం మానుకున్నాడన్నది తెర మీదికి రానే రాదు.

హెడ్ కోచ్ పదవి వేరే ఉద్యోగం. డబ్బు సేకరణ, తల్లిదండ్రులతో మాటలు, పత్రికా సమావేశాలు, ఇవన్నీ చూసుకోవాలి. అలబామాలో 2008 నుంచి 2015 దాకా డిఫెన్స్ నడిపిన కిర్బీ స్మార్ట్ జార్జియాకు హెడ్ కోచ్‌గా వెళ్ళి 2021, 2022 సీజన్లలో టైటిళ్ళు గెలిచిన మాట నిజమే. కానీ ఫ్లోరిడాలో గొప్ప డిఫెన్స్ తీర్చిదిద్దిన ఛార్లీ స్ట్రాంగ్ టెక్సాస్‌లో హెడ్ కోచ్‌గా మూడేళ్ళలో 16 గెలిచి 21 ఓడి, ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఫ్లోరిడా స్టేట్‌లో మికీ ఆండ్రూస్ 1984 నుంచి 2009 దాకా డిఫెన్స్ కోచ్‌గానే కదలకుండా ఉండి రెండు జాతీయ టైటిళ్ళలో భాగమయ్యారు. ఈ ముగ్గురిలో ఎవరు ఎక్కువ సాధించారో పదవి పేరు చూసి చెప్పగలరా? పైగా హెడ్ కోచ్ మారితే సహాయ కోచ్‌లందరూ సామాన్లు సర్దుకోవడం, పిల్లల బడులు మార్చడం ఆ వృత్తిలో మామూలు. 2015 తర్వాత బీమర్ స్థానంలో జస్టిన్ ఫ్యుయెంటే వచ్చినప్పుడు ఆయన ఫాస్టర్‌ను కొనసాగించారు. కొత్తగా వచ్చినవారు పాత కోఆర్డినేటర్‌ను ఉంచుకోవడం కన్నా పెద్ద ప్రశంసాపత్రం ఆ రంగంలో ఉంటుందని నేను అనుకోను.

2019 నవంబర్ 23న బ్లాక్స్‌బర్గ్‌లో, అంటే సొంత మైదానంలో, ఫాస్టర్‌కు చివరి ఆట. ప్రత్యర్థి పిట్స్‌బర్గ్. నేను అప్పటికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాను, అయినా సెలవు పెట్టి వెళ్ళాను. చివరి నిమిషాలకు గెలుపు ఎప్పుడో తేలిపోయింది. మామూలుగా అయితే ఆ సమయానికి జనం పార్కింగ్ వైపు నడుస్తుంటారు. మా వరుసలో ఒక్కరు కూడా లేవలేదు. మావాళ్ళు చేసిన 28ని ఎవరూ పట్టించుకోవడం లేదు, అందరి కళ్ళూ పిట్స్‌బర్గ్ పేరు పక్కన ఉన్న సున్నా మీదే ఉన్నాయి. గడియారం ఆగేదాకా అది అలాగే ఉంది.