ఫ్రిజ్ శబ్దం చేస్తోందని కంగారు పడకు

చి. చిట్టికి, బాబాయ్ ఆశీస్సులు.

అర్ధరాత్రి వంటింట్లోంచి నీళ్లు మరిగినట్టు బుడబుడమని వినిపిస్తోందనీ, కొత్త ఫ్రిజ్ అప్పుడే పాడైపోయిందేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశావు. పాడవలేదమ్మా. కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి కాయిల్‌లోకి పంపిస్తే, అక్కడ వేడి వదిలేసి అది ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం చాలా సన్నటి గొట్టంలోంచి ఫ్రీజర్ దగ్గరి కాయిల్‌లోకి వెళ్లి, మరిగి మళ్లీ గ్యాస్ అవుతుంది. లోపలి వేడిని లాగేసేది ఆ మరగడమే. అంటే నీ చెవి పొరపాటు పడలేదు, అక్కడ నిజంగానే ఏదో మరుగుతోంది. కాకపోతే చల్లగా మరుగుతోంది! కంప్రెసర్ ఆగిపోయాక కూడా రెండు వైపులా ప్రెషర్ సమానమయ్యేదాకా ఆ బుడబుడ కొంతసేపు ఉంటుంది. పగలు ఇంటి సందడిలో అదే శబ్దం నీకు వినపడదు, అంతే.

ఇన్నేళ్లు ఫ్రిజ్‌లు రిపేరు చేసినవాడిగా చెబుతున్నా, ఏమీ కాని ఫ్రిజ్ కోసం నన్ను పిలిచినవాళ్లు తక్కువమందేం కాదు. అందుకే బాగున్నప్పుడే దాని శబ్దాలు ఓసారి శ్రద్ధగా విని పెట్టుకో.

నీది ఫ్రాస్ట్ ఫ్రీ కాబట్టి, పేరుకున్న మంచును కరిగించడానికి లోపల ఒక హీటరు ఉంటుంది. అది పనిచేసేటప్పుడు కంప్రెసర్ ఆగుతుంది. కరిగిన చుక్క వేడి హీటరు మీద పడితే సుయ్‌మంటుంది. ఆ నీళ్లు గొట్టంలోంచి దిగి వెనక కంప్రెసర్ దగ్గరున్న ట్రేలో పడతాయి, ఆ వేడికే ఆవిరైపోతాయి. మధ్యమధ్య టప్‌మని విరిగినట్టు వినిపిస్తే అది లోపలి ప్లాస్టిక్ చల్లబడి ముడుచుకోవడమో, కాస్త వేడెక్కి సాగడమో. ఇక ఇన్వర్టర్ కంప్రెసరైతే పాత ఫ్రిజ్‌లా ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉండదు. వేగం తగ్గించుకుని సన్నగా గంటల తరబడి నడుస్తూనే ఉంటుంది. "ఆగడమే లేదు, కరెంటు తినేస్తోంది" అనుకోకు, దాని తీరే అది.

పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. టిక్‌మంటుంది, కొన్ని క్షణాలు గుంయ్‌మంటుంది, మళ్లీ టిక్‌మని ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ అదే వరస. ఈలోగా లోపల చల్లదనం తగ్గిపోతుంటుంది. కంప్రెసర్ స్టార్ట్ కాలేక అవస్థ పడుతోందన్నమాట. వోల్టేజీ తక్కువైనా, కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే అనే చిన్న భాగం పోయినా, కంప్రెసరే పోయినా ఇలాగే ఉంటుంది. అప్పుడు స్విచ్ ఆపేసి మెకానిక్‌ని పిలువు.

గరగరా రాసుకుంటున్న శబ్దమైతే డోర్ తెరిచి చూడు. చాలా మోడళ్లలో డోర్ తెరవగానే లోపలి ఫ్యాన్ ఆగుతుంది. దాంతోపాటు శబ్దం కూడా ఆగిందంటే రెక్కలకు మంచు తగులుతోందని అర్థం. సామాను ఖాళీ చేసి, ప్లగ్ తీసి, డోర్ తెరిచిపెట్టి ఒక పూట వదిలేయి. కరిగిపోతుంది. కొన్నాళ్లకే మళ్లీ మొదలైతే మాత్రం మంచు కరిగించే ఆ డీఫ్రాస్ట్ హీటరో దాని సెన్సరో చూపించాలి. చాకుతో మాత్రం మంచు గీకొద్దు. కాయిల్‌కి చిల్లు పడితే గ్యాస్ పోతుంది, పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ గ్యాస్ అంటుకునే రకం.

గడగడలాడితే రిపేరు దాకా వెళ్లకముందు ఒక చేత్తో ఫ్రిజ్‌ని గట్టిగా పట్టుకుని చూడు. శబ్దం తగ్గితే కాళ్లు సమంగా లేవు, మరలు తిప్పి సరిచేయి. పైన పెట్టిన సీసాలో, గోడకు ఆనిన వెనక భాగమో మోగుతున్నా ఇలాగే ఉంటుంది.

సంరక్షణ అంటావా, పెద్ద పనేం కాదు. చుట్టూ గాలి ఆడే ఖాళీ ఉంచు. వెనక కాయిల్ బయటికి కనిపించే మోడలైతే అప్పుడప్పుడు ప్లగ్ తీసి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపు. దుమ్ము పడితే వేడి బయటికి పోక కంప్రెసర్ అదే పనిగా నడుస్తుంది. డోర్ రబ్బరును సబ్బునీళ్లతో తుడువు. ఒక కాగితం మధ్యలో పెట్టి డోర్ మూసి లాగు, సులువుగా వచ్చేస్తే అక్కడ గాలి పోతున్నట్టే. ఫ్రీజర్ కింద ఉండే పెద్ద అరలో వేడి 4 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. తిప్పే నాబ్ మీది అంకెలు డిగ్రీలు కావు సుమా, మామూలుగా అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. కూరగాయల ట్రే కింద నీళ్లు నిలిస్తే వెనక గోడ అడుగున చిన్న రంధ్రం ఉందేమో చూడు. అందులో ఏ ఆకు ముక్కో ఇరుక్కుని ఉంటుంది. సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొడితే చాలు.

కరెంటు పోతే డోర్ తెరవకు. మూసి ఉంచితే కింది అర 4 గంటల దాకా చల్లగానే ఉంటుంది. నీ అంతట నువ్వు స్విచ్ ఆపినా వెంటనే మళ్లీ వేయొద్దు, ఓ 5 నిమిషాలు ఆగు.

ఇక ఎప్పుడైనా కొత్త శబ్దం వస్తే ముందు ఫోన్‌లో రికార్డు చెయ్యి. మెకానిక్ గుమ్మంలోకి రాగానే బుద్ధిమంతురాలైపోయే ఫ్రిజ్‌లు చాలా చూశాను. శబ్దం వచ్చినప్పుడు కంప్రెసర్ నడుస్తోందా, ఆగి ఉందా అన్నది కూడా గమనించి చెప్పు. మాకు సగం పని తగ్గుతుంది.

మీ బాబాయ్