వోల్టులు చెప్పి కరెంటు దాచకు

తమ్ముడూ,

బిస్మత్ ఫెర్రైట్ (బిస్మత్, ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం) ఎండ నుంచి కరెంటు పుట్టించే తీరు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. చెయ్యి బాగానే తిరుగుతోంది. కానీ "అయస్కాంతం ఎండను కరెంటుగా మారుస్తుంది" అన్న మొదటి వాక్యం కొట్టెయ్. ఈ పదార్థంలో విద్యుత్ ధ్రువణత (లోపలి ధన, రుణ ఆవేశాలు తమంతట తామే చెరో పక్కకు జరిగి ఉండటం), అయస్కాంత క్రమం రెండూ ఉన్నాయి కాబట్టి మల్టీఫెర్రోయిక్ అంటున్నాం. ఎండకు కదిలిన ఎలక్ట్రాన్లను ఒక దిక్కుకు నడపడంలో పెద్ద పాత్ర ధ్రువణతదే.

మరి ఇనుము దండగా? కాదు. బేరియం టైటనేట్ లాంటి మామూలు ఫెర్రోఎలక్ట్రిక్‌ల (ఆ ధ్రువణత ఉన్న పదార్థాల) బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి, 3 ఎలక్ట్రాన్ వోల్టుల పైమాటే. కంటికి కనిపించే వెలుగు వాటికి దాదాపు పట్టదు. బిస్మత్ ఫెర్రైట్‌లో అది సుమారు 2.7కి దిగింది. అయస్కాంత గుణం తెచ్చిన ఇనుమే కాంతికీ కాస్త దారిచ్చింది. వ్యాసానికి ఆయువుపట్టు ఇదే, నువ్వేమో చివరి పేజీలో పడేశావు. ముందుకు తీసుకురా.

ఇక వోల్టులు. 2010లో అమెరికాలోని బర్క్‌లీ బృందం ఈ పదార్థపు పలుచటి పొరల్లో బ్యాండ్ గ్యాప్‌కు ఎన్నో రెట్ల వోల్టేజీ చూపించింది, 15 వోల్టులు దాటి. నిజమే, నోరూరుతుంది. పక్కనే కరెంటు ఎంతో రాయవేం? అది బహు స్వల్పం. 2.7 గ్యాప్ అంటే అతినీలలోహితం, ఊదా, నీలం తప్ప మిగతా ఎండంతా వృథాగా దాటిపోతుంది. పైగా ఈ పదార్థం కరెంటును సులువుగా పారనివ్వదు. వోల్టులొక్కటే చెప్పడం పెళ్లిచూపుల్లో జీతం చెప్పి అప్పులు దాచడం లాంటిది. (ఆ వోల్టులు డొమైన్ గోడల (ధ్రువణత దిశ మారే సరిహద్దుల) దగ్గర పుడుతున్నాయా, పదార్థమంతటానా అని తర్వాత వాదం నడిచింది. అదీ రాయి, పాఠకుడేం పారిపోడు.)

ఇనుముకు క్రోమియం జోడించిన ముచ్చట నీ వ్యాసంలో లేనేలేదు. ఆ రెండు లోహాల పరమాణువులు ఎంత క్రమంగా అమరాయన్న దాన్నిబట్టి గ్యాప్ మారుతుంది. 2015లో కెనడాలోని కెబెక్ పరిశోధకులు వేర్వేరు గ్యాప్‌లున్న పొరలు పేర్చి 8.1 శాతం సామర్థ్యం రాబట్టారు. బిస్మత్ ఫెర్రైట్ లాంటి పదార్థాల కుటుంబానికి అది గొప్పే.

25 శాతం దాటిన పెరోవ్‌స్కైట్ సెల్స్ సంగతి వేరు. అవి సీసానికి అయోడిన్ లాంటివి కలిసిన హాలైడ్ల సరుకు. బిస్మత్ ఫెర్రైట్‌తో వాటి స్ఫటికపు అమరిక ఒకటే కాబట్టి పెరోవ్‌స్కైట్ అన్న ఇంటిపేరు కలిసింది. ఆ అంకె బిస్మత్ ఫెర్రైట్ ఖాతాలో వేసిన పేరా మొత్తం తీసెయ్.

తిరగరాసి పంపు. గ్రాఫు పెడితే వోల్టేజీ, కరెంటు రెండు గీతలూ ఉండాలి.

మీ అన్నయ్య