అర మీటరు సాలీడు నిజంగా ఉండేదా?

ప్రశ్న: డైనోసార్ల కంటే ముందు అర మీటరు వెడల్పున్న సాలీళ్లు ఉండేవని మా అబ్బాయి ఏదో వీడియోలో చూశాడు. అప్పట్నుంచి రాత్రిపూట బాత్రూమ్‌కి ఒక్కడే వెళ్లనంటున్నాడు. అది నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అలాంటి సాలీడు ఎప్పుడూ లేదమ్మా, ముందు ఆ మాట బాబుకి చెప్పేయండి. వీడియోలో చూపించింది మెగారాక్నే అయ్యుంటుంది. అర్జెంటీనాలో దొరికిన, దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటి శిలాజం అది. 1980లో మారియో హునికెన్ అనే శాస్త్రవేత్త దాన్ని పరిశీలించి, కాళ్లు చాపితే అర మీటరు వచ్చే సాలీడని ప్రకటించారు, ఆ పేరుకి అర్థం కూడా పెద్ద సాలీడనే, మ్యూజియంలలో బొమ్మలు కూడా పెట్టేశారు. తర్వాత ఇంకో శిలాజం దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అది సాలీడు కాదు, సముద్రపు తేళ్లు అనే నీటి జీవుల జాతిదని 2005లో తేలింది. ఆ వ్యాసం రాసిన ముగ్గురిలో హునికెన్ కూడా ఉన్నారు. పాతికేళ్ల కిందట తను చెప్పింది తప్పని తనే సంతకం పెట్టారు, నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది అదే.

నిజంగా ఉండి అంతరించిపోయినవి చాలా చిన్నవి. స్కాట్లండ్‌లో రైనీ అనే ఊరి దగ్గర 40 కోట్ల ఏళ్ల కిందట వేడినీటి బుగ్గలుండేవి, ఆ నీళ్లలోని సిలికా అక్కడి మొక్కల్నీ పురుగుల్నీ ఉన్నవున్నట్టే రాయిలో బిగించేసింది. ఆ రాయిని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే ట్రైగోనోటార్బిడ్ అనే జీవి కనిపిస్తుంది. చూడ్డానికి సాలీడులాగే ఉంటుంది గానీ పొట్ట మీద పలకలు పలకలుగా కవచం ఉంటుంది, దారం తీసే అవయవాలు అసలు లేవు, అంటే గూడు అల్లలేదు. పుస్తకంలో పేజీల్లా ఉండే దాని ఊపిరితిత్తుల పొరలు కూడా చెక్కుచెదరలేదు, అది నేల మీద గాలి పీల్చి బతికిందని మనకి తెలిసింది వాటివల్లే.

మీ అబ్బాయికి చూపించాల్సింది ఇంకోటుంది. మయన్మార్‌లో అంబరులో, అంటే గట్టిపడి శిలాజమైన చెట్టు జిగురులో, 10 కోట్ల ఏళ్ల నాటి కైమెరారాక్నే అనే సాలీడులాంటి జీవి దొరికిందని 2018లో ప్రకటించారు. దానికి దారం తీసే అవయవాలున్నాయి, తేలుకున్నట్టు పొడవాటి తోకా ఉంది, కాకపోతే ఆ తోకకి కొండి లేదు. ఒళ్లు నువ్వుగింజంత, రెండున్నర మిల్లీమీటర్లు. తోక అంతకంటే కాస్త పొడుగు.