పాత డెస్క్‌టాప్ పారేయాలా?

ప్రశ్న: 2014లో కొన్న డెస్క్‌టాప్, నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. ఆన్ చేశాక పది నిమిషాలు కదలదు, తేదీ కూడా ప్రతిసారీ వెనక్కి పోతోంది. కొత్తది కొనాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అప్పుడే వద్దండి. తేదీ సంగతి చిన్నదే, మదర్‌బోర్డ్ మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది, మార్చేయండి.

స్లో విషయానికొస్తే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. అందులో డిస్క్ వాడకం ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంటే తప్పు హార్డ్ డిస్క్‌దే, ఎందుకంటే అది లోపల తిరిగే పళ్లెం మీద ఒక్కో ముక్కా వెతుక్కుని చదవాలి, దాని బదులు పెట్టుకునే, చిప్‌లతో చేసిన ఎస్‌ఎస్‌డీకి ఆ తిరుగుడు లేదు. కాబట్టి డబ్బు పెట్టేదుంటే ముందు సాటా (పాత హార్డ్ డిస్క్ కేబుల్‌కే తగిలే రకం) ఎస్‌ఎస్‌డీకే పెట్టండి, 240 జీబీది చాలు, ఆ తర్వాతే ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్. రెండూ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దొరుకుతాయి, పాత ర్యామ్ ముక్క చేత్తో పట్టుకెళ్లండి. ఏం చేసినా ముందు ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, ఇది మాత్రం వాయిదా వేయకండి!

ఆన్ చేయగానే వాటంతటవే తెరుచుకునే స్టార్టప్ యాప్స్ కూడా తగ్గించండి. స్పీడ్ పెంచుతామనే క్లీనర్ సాఫ్ట్‌వేర్‌ల జోలికి అసలు వెళ్లొద్దు.

ఒక్క చిక్కుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ముగిసింది, మీ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. బ్రౌజింగ్, పిల్లల చదువు వరకైతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించండి, ఉచితమే.